ఇంట్లోనే కుండీ మట్టి, వాసన లేకుండా

చిత్తూరు

చి.ల.సౌ. అమ్మాయికి మీ పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. తిరుపతిలో మీ అపార్ట్‌మెంటు బాల్కనీలో తొక్కలతో ఎరువు చేద్దామని పెట్టిన బకెట్టు కంపు కొట్టి, పక్క వాటావాళ్ళు వచ్చి అడిగేదాకా పోయిందని, ఇక మొక్కల జోలికే పోనని రాశావు. చదువుతున్నప్పుడే నాకు నవ్వు వచ్చింది, ఎందుకంటే పదిహేనేళ్ళ కిందట నేనూ సరిగ్గా అదే పని చేశాను. కూరగాయల తొక్కలు, మిగిలిన రసమన్నం, విరిగిన పాలు అన్నీ ఒకే బకెట్టులో పోసి, వాసన బయటికి రాకూడదని మూత బిగించి పెట్టాను. తొమ్మిదో రోజున మూత తీశాక దాన్ని మీ పెదనాన్న ముక్కుకు తువ్వాలు చుట్టుకుని పెరటి చివరికి మోసుకుపోవలసి వచ్చింది.

వాసన వస్తుందని మూత బిగించడం వల్లనే వాసన వస్తుంది. గాలి ఆడే చోట పనిచేసే సూక్ష్మజీవులు తొక్కలను తిని వదిలేది ముఖ్యంగా బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి. ఈ రెండింటికీ వాసన లేదు. గాలి అందకపోతే వాటి స్థానంలో వేరే రకం చేరి, పులిసిన వాసనను, కుళ్ళిన గుడ్డు వాసనను పుట్టిస్తాయి. కాబట్టి బకెట్టు దగ్గర ముందు ముక్కునే నమ్ముకో. పులుపు గాని, కుళ్ళిన గుడ్డు గాని అనిపిస్తే నీరు ఎక్కువై గాలి తగ్గిందని అర్థం. ముక్కును మండించే అమ్మోనియా ఘాటు వస్తే పచ్చి పదార్థం ఎక్కువై ఎండుది చాలలేదని అర్థం. రెండింటికీ మందు ఒక్కటే, ఎండు సరుకు వేసి కలియబెట్టడం.

పుస్తకాలలో ఒక పాలు నత్రజనికి 25 నుంచి 30 పాళ్ళ కర్బనం ఉండాలని రాస్తారు. నత్రజని పచ్చి తొక్కలలో, కర్బనం ఎండు సరుకులో ఎక్కువ. వంటింట్లో తూకాలు ఎవరూ వేయరు గనుక, ఒక గిన్నెడు తడి తొక్కలకు రెండు గిన్నెల ఎండు సరుకు అని గుర్తు పెట్టుకుంటే చాలు. ఎండు సరుకుకు మన వైపు కరువు లేదు. రాలిన కానుగ ఆకు, వేపాకు మంచివి. వాటికన్నా నాకు నచ్చేది మన శెనక్కాయ పొట్టు. అది తొందరగా కుళ్ళదని చాలామంది పారేస్తారు గాని, కుళ్ళకుండా నిలబడి తొక్కల మధ్య గాలికి దారి ఉంచడమే దాని గొప్పతనం. రంపపు పొట్టు కూడా వాడవచ్చు, అయితే ప్లైవుడ్ కోసిన పొట్టులో జిగురు ఉంటుంది కనుక అది వద్దు. మాధవమాల వైపు బొమ్మలు చెక్కేవాళ్ళ దగ్గర దొరికే వట్టి చెక్క పొట్టు అయితే అభ్యంతరం లేదు. కొబ్బరి పొట్టు ఇటుక కొంటే, దాన్ని నానబెట్టి రెండు మూడు నీళ్ళు మార్చి పిండి, ఆ తరువాతే వాడు. అందులో ఉప్పు ఉంటుంది.

ఇరవై లీటర్ల రంగు డబ్బాలు రెండు సంపాదించి బాగా కడుగు. పాత స్క్రూడ్రైవరును పొయ్యి మీద కాల్చి, అడుగున పది, చుట్టూ మూడు వరుసలుగా రంధ్రాలు పెట్టు. ఆ ప్లాస్టిక్ పొగ పీల్చకుండా కిటికీ దగ్గర నిలబడి చేయి. అడుగున మూడు అంగుళాల మందాన కొబ్బరి పీచు పరిచి, కింద ఒక పళ్ళెం పెట్టి, పైన మూతకు బదులు పలుచని నూలు గుడ్డ కట్టు. సన్న ఈగలు రాకుండా ఆ గుడ్డే ఆపుతుంది. తొక్కలను చిన్న ముక్కలుగా తరిగి వేసి, పైన ఒక్క తొక్క కూడా కనిపించకుండా ఎండు సరుకు కప్పు, మూడు రోజులకొకసారి అడుగు నుంచి తిరగెయ్యి. మొదటిసారి ఒక గరిటె పుల్ల మజ్జిగ చల్లితే పని త్వరగా మొదలవుతుందని మా అమ్మ నమ్మేది, నేనూ మానలేదు, కాని గుప్పెడు పాత ఎరువు వేస్తే ఇంకా మేలు.

తేమ చూడడానికి గుప్పిట నిండా తీసుకుని గట్టిగా పిండు. వేళ్ళ సందున ఒకటి రెండు చుక్కలు మాత్రమే రావాలి. ధారగా కారితే తడి ఎక్కువ, ఉండ కట్టకుండా పొడిపొడిగా రాలితే ఎండిపోయినట్టు. వేసవిలో రెండో రకం, కార్తీక మాసపు వానలలో మొదటి రకం తప్పవు కనుక ఎండు ఆకులను వానకు ముందే గోనె సంచిలో దాచుకో.

వండిన అన్నం, నూనె కూరలు, పాలు, పెరుగు, చేపలు వేయకు. మామిడి టెంకలు కూడా వద్దు, అవి ఏడాదైనా కదలవు. ఆవు పేడ, మూత్రంతో పులియబెట్టే జీవామృతం, పంచగవ్యం పొలానికి మంచివే గాని మూసిన ఇంట్లో తయారుచేయదగినవి కావు. పైన తెల్లని బూజు కనిపిస్తే కంగారు పడకు, అది పనివాళ్ళలో ఒకటి.

ఒక డబ్బా నిండాక రెండోది మొదలుపెట్టి, మొదటిదాన్ని రెండు నెలలు తిరగేస్తూ మాగనివ్వు. నల్లబడి, తొక్క ఆనవాలు పోయాక గుప్పెడు తడిపి గాజు సీసాలో మూడు రోజులు బిగించి ఉంచు. తీస్తే తొలకరి వాన వాసన వస్తే సిద్ధమైనట్టు. పులుపు తగిలితే మరో రెండు వారాలు ఆగు. అనుమానం తీరాలంటే దానిలో పది మెంతులు నాటి చూడు, మూడు నాలుగు రోజులలో ఎనిమిదైనా మొలవాలి.

ఈ ఎరువు ఒక్కదానినే కుండీలో నింపకు, అది అణగిపోయి నీరు నిలుపుతుంది. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు ఎరువు, ఒక పాలు కొబ్బరి పొట్టు కలుపు. వేపపిండి వేస్తే మంచిదని అందరూ చెబుతారు, కాని తడిసినప్పుడు దానికీ వాసన ఉంటుంది. కుండీకి ఒక చెంచాకు మించకుండా వేసి, పది రోజులు బాల్కనీలో ఉంచి లోపలికి తెచ్చుకో. మన చిన్న డబ్బాలలో విత్తనాలు చచ్చేంత వేడి పుట్టదు కనుక కుండీలో టమాటా మొలకలు లేస్తాయి. పీకెయ్యక్కరలేదు, ఒకటి ఉంచుకో.

వచ్చే వారం మీ పెదనాన్న తిరుపతి వస్తున్నారు. ఒక గోనె శెనక్కాయ పొట్టు పంపుతాను, తడి తగలని చోట చూసి ఉంచు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ