ఊరి పక్కన గ్యాస్ మంట, ఇంట్లో తొలి కాన్పు.. ఊరు వదిలి వెళ్ళిపోవాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కోనసీమలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. మా ఇంటికి అర కిలోమీటరు దూరంలో గ్యాస్ బావి ఉంది, రాత్రీ పగలూ మంట వెలుగుతూనే ఉంటుంది. ఈమధ్య ఇంకో రిగ్గు కూడా దించారు. మా అత్తగారికి 62 ఏళ్ళు, ఉబ్బసం ఉంది, చలికాలం వస్తే ఆయాసం ఎక్కువవుతోంది. బాబుకి ఎనిమిదేళ్ళు, తెల్లవారేసరికి దగ్గు మొదలవుతుంది. మా ఆడపడుచు తొలి కాన్పుకి వచ్చింది. ఏడో నెల, బీపీ 136/88 ఉందని ఏఎన్ఎం చెప్పింది. బోరు నీళ్ళు ఉప్పగా మారాయి. మా ఆయన ఆ సైటులోనే కాంట్రాక్టరు కింద పని చేస్తున్నారు. ఊళ్ళో ఎవరికి ఏమొచ్చినా గ్యాస్ వల్లే అంటున్నారు, సైటు వాళ్ళేమో అసలేమీ కాదంటున్నారు. ఎవరి మాట నమ్మాలి? ఏ పరీక్షలు చేయించుకోవాలి? ఊరు వదిలి వెళ్ళిపోవాలా? (పేరు రాయవద్దన్న పాఠకురాలు)

జవాబు: అమ్మా, ముందు మీ ఆడపడుచు సంగతి చూద్దాం. మిగతావాటికి కాస్త వ్యవధి ఉంది, దీనికి లేదు. గర్భిణికి 140/90 దాటితే బీపీ జబ్బు కింద లెక్క. 136/88 అంటే ఇంకా దాటలేదు గానీ అంచు మీద ఉంది, పైగా తొలి కాన్పు. వారానికి రెండుసార్లు బీపీ చూపించండి, చూపించిన ప్రతిసారీ మూత్రంలో ప్రోటీన్ పోతోందేమో కూడా చూడమనండి. తలనొప్పి పట్టుకుని వదలకపోయినా, కళ్ళు మసకబారినా, డొక్క పైభాగంలో నొప్పి వచ్చినా, ముఖం చేతులు వాచినా, బిడ్డ కదలిక తగ్గినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. మన పెద్దవాళ్ళు గుర్రపువాతం అని భయపడేది ఇది ముదిరితే వచ్చేదానికే, ముందుగా పట్టుకుంటే తల్లినీ బిడ్డనీ కాపాడుకోవచ్చు.

మీ బోరు నీళ్ళ గురించి కూడా ఇప్పుడే చెప్పాలి. బంగ్లాదేశ్ తీరంలో డాకోప్ అనే ప్రాంతం ఉంది, అక్కడ తాగేనీళ్ళలో ఉప్పు ఎక్కువైన కొద్దీ గర్భిణుల్లో బీపీ, గుర్రపువాతం ఎక్కువగా కనిపించాయని పరిశోధకులు తేల్చారు. అక్కడ గ్యాస్ బావుల ఊసే లేదు, సముద్రపు ఉప్పు నీళ్ళలోకి చేరడమే కారణం. మీ ఊళ్ళో మాత్రం అనుమానించాల్సినవి ఒకటి కాదు, మూడున్నాయి. సముద్రం, రొయ్యల చెరువులు, బావిలోంచి గ్యాస్‌తో పాటు పైకి వచ్చే ఉప్పునీరు. ఈ మూడోదాంట్లో ఉప్పుతో పాటు నూనె, బెంజీన్ అనే విష రసాయనం, బేరియం అనే లోహం లాంటివి కూడా ఉండొచ్చు, దాన్ని పద్ధతిగా శుద్ధి చేసి పారబోయకపోతే పంటకాలువకీ బోరుకీ చేరుతుంది. నోటికి మూడూ ఒకేలా ఉప్పగా ఉంటాయి, తేడా చెప్పేది ల్యాబే.

కాబట్టి నీళ్ళ పరీక్షకి ఇచ్చేటప్పుడు ఊరికే 'తాగొచ్చా' అని అడగకండి, టీడీఎస్ (నీళ్ళలో కరిగి ఉన్న లవణాల మొత్తం), క్లోరైడ్, నూనె, బెంజీన్, బేరియం అని కాగితం మీద రాసివ్వండి. బెంజీన్‌కి నమూనా మామూలు ప్లాస్టిక్ సీసాలో పడితే ఆవిరైపోతుంది, ల్యాబు వాళ్ళిచ్చే గాజు సీసాలోనే గాలి లేకుండా నిండా పట్టాలి. మన దేశ ప్రమాణం ప్రకారం టీడీఎస్ లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దారి లేకపోతేనే 2000 దాకా ఒప్పుకుంటారు. క్లోరైడ్‌కి ఆ గీతలు 250, 1000. రిపోర్టు వచ్చేదాకా మీ ఆడపడుచుకి తాగడానికీ వంటకీ ఆర్ఓ నీళ్ళే ఇవ్వండి, పప్పు ఉడకబెట్టడానికి కూడా బోరు నీళ్ళు వద్దు. మరగబెడితే ఉప్పు పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. నీళ్ళకి కిరసనాయిలు, పెట్రోలు లాంటి వాసన వస్తే మాత్రం తాగడం మానేయడమే కాదు, వాటిని కాచి తలుపులు మూసిన బాత్రూములో స్నానం కూడా చేయకండి, ఆ ఆవిరి నేరుగా ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది.

ఇక మంట. గ్యాస్ పూర్తిగా మండితే పొగ పెద్దగా రాదు. సరిగ్గా మండనప్పుడే మసి, సన్నని ధూళి, బెంజీన్ లాంటి ఆవిర్లు గాల్లో కలుస్తాయి. మీరు ఇంట్లోంచే గమనించవచ్చు, మంట నీలంగానో పసుపుగానో ఉండి పొగ లేకపోతే కొంత నయం, నల్లటి పొగ కక్కుతుంటే సరిగ్గా మండడం లేదన్నమాట. ఫోన్‌లో తేదీ, టైము పడేలా ఫొటో తీసి పెట్టుకోండి. అమెరికాలో టెక్సాస్‌లోని ఈగిల్ ఫోర్డ్ ప్రాంతం మీద 2020లో ఒక అధ్యయనం వచ్చింది. ఇంటికి 5 కిలోమీటర్ల లోపల రాత్రిపూట మంటలు తరచుగా కనిపించిన గర్భిణుల్లో నెలలు నిండకుండా కాన్పయ్యే అవకాశం సుమారు 50 శాతం ఎక్కువగా ఉందని తేలింది. అక్కడున్నన్ని మంటలు మీ ఊళ్ళో లేవు, పైగా రెండూ కలిసి కనిపించినంత మాత్రాన ఇదే కారణమని గట్టిగా చెప్పలేం. అయినా ఒక డాక్టరుగా ఆ అంకె చూశాక మీ ఆడపడుచుని ఆ మంటకి అర కిలోమీటరు దూరంలో ఉంచమని నేను చెప్పలేను.

తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలన్న మాట నాకూ తెలుసు. కానీ బీపీ అంచు మీద ఉంది, నీళ్ళు ఉప్పన, ఇంటి పక్కన మంట. అత్తవారి ఊరో, పెద్దాసుపత్రికి దగ్గర్లో ఉన్న మేనమామ ఇల్లో ఉంటే ఈ రెండు మూడు నెలలు అక్కడ ఉంచి, పురుడయ్యాక తీసుకురండి. అత్తయ్యగారు నొచ్చుకుంటే ఈ పేరా చదివి వినిపించండి. అదొక్కటీ కుదరకపోతే, మంటకి దూరంగా ఉన్న గదిలో పడుకోబెట్టండి, గాలి అటునుంచి ఇటు వీస్తున్నప్పుడు ఆ వైపు కిటికీలు మూయండి.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. మీ ఇంట్లో ఇప్పటికీ కొబ్బరి మట్టలతో పొయ్యి వెలిగిస్తుంటే, ఆ వంటగదిలోని పొగ బయటి మంట నుంచి మీదాకా వచ్చేదానికంటే ఎక్కువే ఉండొచ్చు. గ్యాస్ బావి పక్కనే ఉండి ఇంట్లో సిలిండరు కొనలేక మట్టలు కాల్చుకునే ఇళ్ళు మన దగ్గర ఉన్నాయి, అది తలుచుకుంటే కోపం వస్తుంది. కానీ ఊపిరితిత్తులకి పొగ ఎక్కణ్ణుంచి వచ్చినా పొగే. మీ అత్తగారికి ఆయాసం చలికాలంలో పెరగడానికి కూడా ఓ కారణం ఉంది, ఆ రోజుల్లో తెల్లవారుజామున నేలకి దగ్గరగా చల్లగాలి పేరుకుని పొగని పైకి పోనివ్వదు. బాబు దగ్గుకీ ఇదే కారణం కావచ్చు, బాల్య ఉబ్బసమూ కావచ్చు, పిల్లికూతలు వినిపిస్తున్నాయేమో పిల్లల డాక్టరుకి చూపించండి. అత్తగారు ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే ఇన్‌హేలర్ పీలుస్తుంటే అది చాలదు, రోజూ వాడాల్సిన నివారణ ఇన్‌హేలర్ వేరే ఉంటుంది, అది బాగున్న రోజున కూడా మానకూడదు. 'అలవాటైపోతుంది' అన్న భయం వద్దు, కాదు. మూతికి చీరకొంగు అడ్డం పెట్టుకుంటే ఆవిర్లు ఆగవు. ఎన్95 మాస్కు ధూళిని ఆపుతుంది, బెంజీన్‌ని ఆపలేదు.

మీ ఆయన విషయానికొస్తే, కాంట్రాక్టు కూలీ అయినా సరే పనిలో చేర్చుకునేటప్పుడూ ఆ తర్వాత గడువు ప్రకారమూ వైద్య పరీక్షలు చేయించాల్సింది పని ఇచ్చినవాళ్ళే, డబ్బులు ఆయన జేబులోంచి కాదు. రక్తకణాల లెక్క, ఊపిరి పరీక్ష, వినికిడి పరీక్ష, ఈ మూడూ చేశారా, ఆ కాగితాల నకళ్ళు ఇంట్లో ఉన్నాయా అడగండి. బెంజీన్ ఏళ్ళ తరబడి ఒంట్లోకి వెళ్తే రక్త క్యాన్సర్ తెస్తుంది, ఇందులో అనుమానం లేదు. అందుకే కణాల లెక్క ఏటా చూసుకోవాలి, అయితే ఒకసారి నార్మల్ వచ్చిందని నిశ్చింతగా ఉండిపోకూడదు. సైటు బట్టలు ఇంట్లో పిల్లల బట్టలతో కలిపి ఉతక్కండి. ఊళ్ళోకి వ్యాను వేసుకొచ్చి 'ఫుల్ బాడీ క్యాన్సర్ చెకప్' అని వేలకి వేలు తీసుకునేవాళ్ళ జోలికి పోకండి, ఆ డబ్బుతో నీళ్ళ పరీక్ష నాలుగుసార్లు చేయించుకోవచ్చు.

భయం సంగతి కూడా అడగకుండానే అర్థమైంది. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది, మీ అత్తగారికి అది కళ్ళారా చూసిన సంగతే అయ్యుంటుంది. 2014 జూన్ 27న తెల్లవారుజామున నగరం అనే ఊళ్ళో గెయిల్ సంస్థ గ్యాస్ పైపులైను పగిలి 20 మందికి పైగా చనిపోయారు. ఆ రెండూ గుర్తున్నవాళ్ళకి రాత్రిపూట రిగ్గు శబ్దం పెరిగితే నిద్ర పట్టదు, ఆ టెన్షన్‌కి బీపీ పెరుగుతుంది, అది మనసులో పుట్టిన ఉత్త భ్రమ అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. భయం తగ్గాలంటే ఏం చేయాలో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. నగరం ఊళ్ళో ఆ రోజు లీకైన గ్యాస్ ముందే చుట్టుపక్కలకి పాకి ఉంది, నిప్పు తగలగానే ఊరి మీద పడింది. మీ ఇంట్లో సిలిండరు గ్యాస్‌కి ఘాటు వాసన కలుపుతారు, బావి నుంచి నేరుగా వచ్చే పైపులో ఆ వాసన ఉంటుందన్న హామీ లేదు. అందుకని కాలువ నీళ్ళలో కారణం లేకుండా బుడగలు వస్తున్నా, పైపు దారిలో గడ్డి మాడిపోయినా, బుసకొట్టినట్టు చప్పుడు వినిపించినా అనుమానించండి. స్విచ్చి వేయొద్దు, ఆర్పొద్దు, పొయ్యి ముట్టించొద్దు, బండి స్టార్ట్ చేయొద్దు. గాలి వీచే దిక్కుకి అడ్డంగా నడిచి దూరం వెళ్ళాక పైపులైను గుర్తు స్తంభం మీద ఉన్న నంబరుకి, 101కి ఫోన్ చేయండి. ఆ నంబరు ఇవాళే సేవ్ చేసుకోండి. ఎవరికైనా ఒళ్ళు కాలితే 20 నిమిషాలు చల్లటి మామూలు నీళ్ళు ధారగా పోయాలి, పేస్టు, సిరా, పసుపు పూయకూడదు.

కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తే అది హైడ్రోజన్ సల్ఫైడ్ కావచ్చు. ఎక్కువ మోతాదులో అది ముక్కునే మొద్దుబారుస్తుంది, వాసన పోయిందంటే గ్యాస్ పోయిందని కాదు. చైనాలో 2003 డిసెంబరులో ఒక గ్యాస్ బావి పేలి ఈ విషవాయువు పల్లెల్లోకి పాకి 243 మంది చనిపోయారు. అన్ని బావుల్లోనూ ఇది ఉండదు. మీ బావిలో ఎంత శాతం ఉందో పంచాయతీ తరఫున రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవచ్చు.

రిగ్గు దిగాక లారీలు పెరిగి ఉంటాయి. అమెరికాలో చమురు, గ్యాస్ పనివాళ్ళ మరణాలకి మొదటి కారణం రోడ్డు ప్రమాదాలే, మన లంకల్లో గట్ల మీది ఇరుకు రోడ్లయితే చెప్పక్కర్లేదు. బాబు సైకిల్ మీద బడికి వెళ్తుంటే లారీల టైము మార్చమని సర్పంచ్ గారితో అడిగించండి. బయటినుంచి వచ్చిన కుర్రాళ్ళు గదికి పదిమంది చొప్పున ఉంటే టీబీ, మలేరియా, సుఖవ్యాధులు ఊరందరికీ సమస్యే, వాళ్ళని తిట్టి లాభం లేదు, వాళ్ళకీ పీహెచ్‌సీలో పరీక్షలూ మందులూ అందాలి. జనం పెరిగినా పీహెచ్‌సీలో డాక్టరు పోస్టులు మాత్రం పెరగవు, గ్యాస్ తీసే ఊళ్ళకి జరిగే పెద్ద అన్యాయాల్లో నా దృష్టిలో ఇదొకటి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, ఎవరి మాట నమ్మాలని. ఊరివాళ్ళ దగ్గరా, సైటు వాళ్ళ దగ్గరా కొలిచిన లెక్క లేదమ్మా. నైజీరియాలో ఒగోనీ ప్రాంతంలో 1950ల చివర్లో చమురు తీయడం మొదలైంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2011లో రిపోర్టు ఇచ్చేసరికి ఒక ఊరి తాగునీటి బావుల్లో బెంజీన్ ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత కంటే 900 రెట్లకు పైగా ఉంది, జనం ఆ నీళ్ళు తాగుతూనే ఉన్నారు. మొదట్లోనే ఏటా కొలిచి రాసి ఉంటే అన్నేళ్ళు పట్టేది కాదు. మీ ఊళ్ళో కొత్త రిగ్గు ఇప్పుడే దిగింది కాబట్టి మీకు ఆ అవకాశం ఉంది. ఆ కొత్త బావిలోంచి గ్యాస్ బయటికి తీయడం మొదలుపెట్టకముందే ఊళ్ళో ఎన్ని బోర్లు ఉప్పన, ఎందరికి ఆయాసం, ఎందరికి బీపీ, ఎన్ని కాన్పులు నెలలు నిండకుండా అయ్యాయి, పుట్టిన బిడ్డ బరువెంత, ఇవన్నీ ఆశా కార్యకర్త, ఏఎన్ఎం దగ్గర రిజిస్టర్లలో చాలావరకు ఉంటాయి, వాటిని ఒకచోట చేర్చి ఏటా అదే పద్ధతిలో రాయాలి. గాలిలో సన్నని ధూళి, బెంజీన్ ఎంతున్నాయో కాలుష్య నియంత్రణ మండలితో కొలిపించమని, అదీ పగలే కాదు, రాత్రీ తెల్లవారుజామునా కొలవాలని గ్రామసభలో తీర్మానం చేయించి జిల్లా వైద్యాధికారికీ కలెక్టరుకీ పంపండి. గ్యాస్ ఉందో లేదో చూడ్డానికి తవ్వే అన్వేషణ బావులని చెబితే 2020 నుంచి ప్రజాభిప్రాయ సేకరణ లేకుండానే అనుమతి వచ్చేస్తోంది, అందుకే గ్రామసభ తీర్మానం ఇంకా అవసరం.

మీ కుటుంబం మొత్తం ఊరు వదలాల్సిన పరిస్థితి మీరు రాసినదాన్ని బట్టి నాకు కనిపించలేదు. నీళ్ళలో బెంజీన్ ఉందని రిపోర్టు వచ్చినా, నల్లపొగ రోజూ ఇంటి మీదికి వస్తున్నా, అత్తగారికి నివారణ ఇన్‌హేలర్ వాడినా రాత్రిళ్ళు ఆయాసం తగ్గకపోయినా అప్పుడు మళ్ళీ ఆలోచించాలి. ఈ వారంలో ఆడపడుచు బీపీ, మూత్ర పరీక్ష, బోరు నీళ్ళ నమూనా, ఈ మూడూ అయ్యేలా చూడండి. రిపోర్టులు చేతికి రాగానే ఆ అంకెలు ఈ శీర్షికకే రాసి పంపండి.