పదిహేను మాటల కాగితం

చిన్నీ,

పెద్దమ్మ ఆశీస్సులు. మెమరీ క్లినిక్‌లో చేరుతున్నావనీ, వచ్చే వారం నుంచి జ్ఞాపకశక్తి పరీక్షలు నువ్వే పెడతావనీ మీ అమ్మ చెప్పింది. గర్వంగానే ఉంది, కానీ ఆ మాట విన్నప్పటి నుంచి గుండె పీచుపీచుమంటోంది. సూది తప్పు గుచ్చితే రక్తం కనిపిస్తుంది. మన పరీక్ష తప్పు పెడితే కాగితం మీద చక్కటి అంకె కనిపిస్తుంది, దాన్ని అందరూ నమ్ముతారు.

కళ్లజోడు, చెవి మిషను పెట్టుకున్నారో లేదో చూడు. టిఫిన్ తిన్నారా, రాత్రి నిద్రమాత్ర వేసుకున్నారా అడుగు. కొడుకునో కోడలినో బయట కూర్చోబెట్టు. ఇవి నీకు తెలిసినవే.

నువ్వు పెట్టబోయేది జెనీవాలో ఆండ్రే రే అనే మనస్తత్వవేత్త తీర్చిదిద్దిన పరీక్షే కదా: సంబంధం లేని 15 మాటలు, సెకనుకు ఒకటి చొప్పున చదివి, గుర్తున్నవన్నీ ఏ వరసలోనైనా చెప్పమనడం. అదే జాబితాను అదే వరసలో ఐదుసార్లు చదివి, చదివిన ప్రతిసారీ అడగడం. తర్వాత వేరే 15 మాటలు ఒక్కసారి చదివి అవి అడిగి, వెంటనే మొదటి జాబితాను చదవకుండా అడగడం. 20 నుంచి 30 నిమిషాలాగి మళ్లీ అడగడం, చివర్లో వేరే మాటలతో కలిపి ఇచ్చి జాబితాలోవి ఏవో గుర్తుపట్టమనడం. తర్వాత మళ్లీ అడుగుతానని ముందే నోరు జారకు. ఆ విరామంలో బొమ్మలు గీయించు, మాటల పరీక్ష ఏదీ పెట్టకు. పెడితే ఆ మాటలొచ్చి ఈ జాబితాలో దూరతాయి. సెకనుకు ఒక మాట చదవడం ఇంట్లో గడియారం ముందు సాధన చెయ్యి. మాట అందట్లేదనిపించగానే జాలిపడి నెమ్మదిస్తాం, అక్కడే పరీక్ష పాడవుతుంది.

టిక్కులు కొట్టొద్దు తల్లీ. వచ్చిన మాటను వచ్చిన వరసలో రాయి, మొదటి రెండక్షరాలు చాలు. ఆనపకాయ చదివితే సొరకాయ అని తిరిగొస్తుంది. దానికి మార్కు ఉందా లేదా అన్నది ముందే తేల్చుకుని అందరికీ ఒకటే పాటించు, కానీ కాగితం మీద సొరకాయ అనే రాయి. ప్రతిసారీ చివరి మూడు మాటలే అప్పజెప్పి మొదటివి వదిలేస్తున్నారా, లేని మాట కల్పిస్తున్నారా అన్నది టిక్కుల్లో కనిపించదు. అల్జీమర్స్‌లో కనిపించే పోకడలు అవే.

ఇక నన్ను నిద్రపోనివ్వని తప్పు ఒకటుంది. ఈ పనిలో ఉన్నవాళ్లం అందరం చేసినదే, నువ్వు చేస్తే మాత్రం ఊరుకోను. ఐదోసారి వచ్చిన దాంట్లోంచి మొదటిసారి వచ్చింది తీసేసి, దానికే ‘నేర్చుకునే శక్తి’ అని పేరు పెట్టేయడం.

ఒక రిటైర్డ్ టీచరు 9తో మొదలుపెట్టి 13కి వెళ్లారనుకో. ఇంకొకాయన 3 నుంచి 7కి. ఇద్దరికీ పెరిగింది 4. ఇద్దరూ ఒకటేనా? పై హద్దు 15. టీచరుకి మిగిలినవి 6, అందులో 4 పట్టారు. రెండో ఆయనకు మిగిలినవి 12, నాలుగుసార్లు మళ్లీ వినిపించినా పట్టింది 4. బిందెలో ఎంత పోశావని కాదు, ఎంత ఖాళీ ఉంటే ఎంత పోశావని చూడాలి. పెరిగిన దాన్ని, 15లోంచి మొదటిసారి వచ్చింది తీసేయగా మిగిలిన దాంతో భాగించు. టీచరుకి 0.67, ఆయనకు 0.33. ఇంకా ఘోరం చూడు: 10 నుంచి 13కి వెళ్లినావిడ పెరుగుదల మూడే. తీసివేత లెక్కలో ఈవిడ ఆ 3 నుంచి 7కి వెళ్లినాయన కంటే వెనకబడుతుంది. బాగున్నావిడను మళ్లీ రమ్మంటాం, రావలసినాయన ఇంటికి వెళ్లిపోతాడు.

ఐదూ కూడిన మొత్తాన్నీ ఒంటరిగా నమ్మకు. 4, 7, 9, 10, 10 కూడినా 40. ఐదుసార్లూ 8 కూడినా 40. మొదటాయన నేర్చుకుంటున్నాడు, రెండో ఆయన ఉన్నచోటే ఉన్నాడు.

ఈ భాగహారానికీ ఒక జబ్బుంది. మొదటిసారే 13 వస్తే మిగిలేవి రెండే, ఒక్క మాట అటూ ఇటూ అయితే 0.5 తేడా. అక్కడ దాని మీద ఆధారపడకు. ఇంకోటి, మొదటిసారి చదువుతుండగా ఫోను మోగిందనుకో. 6 రావలసిన చోట 3 వస్తుంది. చివర 9 దగ్గర ఆగినా 0.33 కావలసింది 0.5 అవుతుంది. నీ ఫోను మోగితే ఆయన జబ్బు దాక్కుంటుందన్నమాట. అందుకే ఫోను బయట పెట్టు, సైలెంట్‌లో కాదు. అలా చెడితే ఏం జరిగిందో కాగితం మీద రాసిపెట్టు, ఇంకో రోజు వేరే జాబితాతో పెట్టు. అదే జాబితా అయితే పాత మాటలు సాయం వస్తాయి.

అంకె తక్కువైనంత మాత్రాన అల్జీమర్స్ అనేయకు. దిగులు, బి12 లోపం, థైరాయిడ్, నిద్రమాత్ర, ఇవన్నీ ఐదుసార్లలో అంకెలు పైకెక్కే గీతను చదును చేస్తాయి. దిగులుతో ఉన్నవాళ్లు గుర్తుపట్టమన్నప్పుడు తరచు తేరుకుంటారు. అల్జీమర్స్‌లో ఆ సాయం అంతగా ఉండదు, మాట లోపల నిలిస్తేగా! బడి గడప తొక్కని అవ్వను పట్నంలో డిగ్రీ చదివినవాళ్ల అంకెలతో పోల్చావని తెలిస్తే బస్సెక్కి వచ్చి మరీ తిడతాను. వయసుకూ చదువుకూ భాషకూ సరిపోయే ప్రమాణాలే వాడు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) పరీక్షల సంచిలో తెలుగూ ఉంది, ఇంగ్లీషు జాబితాను అప్పటికప్పుడు తెలుగు చేసుకోకు. గంట అన్నావనుకో, గుడిగంటో గడియారం గంటో!

పరీక్ష అయ్యాక ప్రతివాళ్లూ అడుగుతారు, ‘ఎన్ని వచ్చాయమ్మా?’ అని. అంకె చెప్పకు. బాగా చేశారని అబద్ధమూ చెప్పకు. మిగతా పరీక్షలతో కలిపి డాక్టరుగారు చూసి చెబుతారను. మంచినీళ్లివ్వు, లేవడానికి చెయ్యి అందించు, తలుపు దాకా వెళ్లు.

మీ పెద్దమ్మ