ఇరవై రోజుల సెలవులో మొహానికి లేజరా?

అక్టోబరు వచ్చిందంటే నాకు ఒకే సందేహం పదిమంది నుంచి వస్తుంది. "అక్కా, డిసెంబరు చివర్లో హైదరాబాద్ వెళ్తున్నాను. ఇరవై రోజులుంటాను. మొటిమల గుంటలకు లేజర్ చేయించుకుని వచ్చేయవచ్చా?" అడిగేవాళ్లలో ఎక్కువమంది నిరుడు వచ్చిన విద్యార్థులు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు. ఇక్కడ అమెరికాలో ఇన్సూరెన్సు సాధారణంగా దీన్ని అందం కోసం చేయించుకునే చికిత్సగానే చూస్తుంది. ఖర్చంతా మన జేబులోంచే పోతుంది. కాబట్టి ఇంటికి వెళ్లినప్పుడు చూసుకుందాం అనుకోవడంలో తప్పు లేదు. పైగా మన రంగు చర్మాన్ని పొద్దున్నుంచి సాయంత్రం దాకా చూసే డాక్టర్లు హైదరాబాద్‌లో ఉన్నారు. అది చిన్న సంగతి కాదు. అందుకే అక్కడ చేయించుకోవద్దని నేనెవరికీ చెప్పను. ఇరవై రోజుల్లో అన్నీ ముగించుకుని రావాలన్న ఆలోచనను మాత్రం మానుకోమంటాను.

అలా అనుకునే నేను ఒకసారి వెళ్లాను. అది మే నెల. తమ్ముడి పెళ్లికి మూడు వారాల సెలవు దొరికింది. దిగిన నాలుగో రోజునే ఒక క్లినిక్‌లో కూర్చున్నాను. పది నిమిషాలు మాట్లాడి, మొహమంతా మత్తు క్రీము పూసి, పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం కప్పి ముప్పావు గంట ఉంచారు. తర్వాత కళ్లకు అడ్డం పెట్టారు. ఒక గొట్టంలోంచి చల్లగాలి వస్తోంది, చిటపటమని శబ్దం, వెంట్రుక కాలిన వాసన. మూడో రోజుకు బుగ్గ మీద చేయి పెడితే రవ్వ అంటుకున్నంత గరుకు. అద్దానికి ముక్కు ఆనించి చూస్తే గళ్ల కాగితం మీద పెట్టినట్టు వరసగా గోధుమరంగు చుక్కలు. ఇదంతా మామూలే, కంగారు పడాల్సిన పని లేదు. ఆరో రోజుకు ఆ పొట్టు రాలి కింద లేత గులాబీ రంగు చర్మం బయటపడింది.

ఎనిమిదో రోజున తమ్ముడిని పెళ్లికొడుకును చేశారు. నలుగు, పసుపు, పందిట్లో మధ్యాహ్నం దాకా నిలబడటం. సన్‌స్క్రీన్ పొద్దున ఒక్కసారి రాసుకున్నాను. చెమటకు కారిపోయింది, మళ్లీ రాసుకోలేదు. తిరుగు విమానం ఎక్కేనాటికి ఆ చుక్కలున్న చోటల్లా నల్లగా తేలింది. అది పోవడానికి ఏడు నెలలు పట్టింది. ఫోను చేసినప్పుడల్లా క్లినిక్‌వాళ్లు తర్వాతి సిట్టింగుకు ఎప్పుడు వస్తారని అడిగారు. ఏం రాసుకోవాలో చెప్పినవారు లేరు. నా తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ మే నెలలో, పెళ్లి వారం ముందు, మూడు వారాల్లో తిరిగి వెళ్లిపోయే మనిషికి ఇది ఇప్పుడు వద్దమ్మా అని ఆ రోజున ఒక్కరైనా చెప్పి ఉండాల్సింది. అందుకే నేను ఇప్పుడు అడిగిన ప్రతివారికీ విసుగు లేకుండా చెబుతున్నాను.

అసలు జరిగేది ఏమిటంటే, గుంటలకు ఎక్కువగా వాడే ఫ్రాక్షనల్ కార్బన్ డయాక్సైడ్ లేజర్ 10,600 నానోమీటర్ల కాంతితో చర్మంలోని నీటిని ఆవిరి చేసి, కంటికి ఆనని సన్నటి రంధ్రాలు వేస్తుంది. వాటి మధ్య చర్మాన్ని ముట్టుకోకుండా వదిలేస్తుంది. ఇలా మధ్యమధ్య చర్మాన్ని వదిలేసే పద్ధతి 2004 నుంచి ప్రచారంలోకి వచ్చింది. అంతకుముందు పై పొర మొత్తాన్ని ఒలిచినట్టు కాల్చేవారు, మానడానికి వారాలు పట్టేది. ఇప్పుడు వారంలో పైకి మానుతుంది. లోపల చర్మాన్ని బిగువుగా నిలిపే కొల్లాజెన్ కొత్తగా పుట్టుకొచ్చి గుంట కొంత పైకి లేవడానికి మాత్రం మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. గుంటలు తేలికపడతాయి, మొత్తంగా మాయం కావు. ఈ మాట ముందే చెప్పే డాక్టరును నమ్మండి.

ఇక మన రంగు. చర్మాన్ని ఎండకు అది స్పందించే తీరును బట్టి ఆరు రకాలుగా విభజించే ఫిట్జ్‌ప్యాట్రిక్ కొలత ఒకటి ఉంది. మనలో ఎక్కువమంది నాలుగు, ఐదు రకాల్లోకి వస్తాం. ఈ చర్మం వేడి తగిలినా దెబ్బ తగిలినా వెంటనే మెలనిన్ అనే నల్లరంగు పదార్థాన్ని పోగుచేసుకుంటుంది. మొటిమ మానినచోట నల్లమచ్చ మిగిలేది అందుకే, లేజర్ తర్వాత నల్లబడేదీ అందుకే. తెల్లవాళ్లకు పెట్టే శక్తితో మనకు కొడితే కుదరదు. తక్కువ సాంద్రతతో, అంటే చుక్కల్ని దూరదూరంగా వేస్తూ, ఎక్కువ సిట్టింగుల్లో, నెమ్మదిగా చేయాలి. హైదరాబాద్ డాక్టర్లకు ఉన్న అనుభవం మనకు పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే.

టికెట్టు కొనకముందే చేయగలిగిన పని ఒకటుంది. రాత్రి గదిలో లైట్లు ఆర్పి, అద్దం ముందు నిలబడి, ఫోను లైటును చెవి పక్కనుంచి బుగ్గ మీదికి వేయండి. నీడలు పడితే అవి గుంటలు. నీడ లేకుండా రంగు మాత్రమే కనిపిస్తే అవి మచ్చలు. మచ్చలకు చాలావరకు ఈ లేజర్ అక్కర్లేదు. సన్‌స్క్రీన్, రెటినాయిడ్ అనే విటమిన్ ఏ జాతి క్రీము, కొన్ని నెలల ఓపిక సరిపోతాయి. నన్ను అడిగినవాళ్లలో సగం మందికి ఉన్నది మచ్చలే. గుంటల్లోనూ తేడాలున్నాయి. సూదితో పొడిచినట్టు లోతుగా, సన్నగా ఉండే ఐస్‌పిక్ గుంటలకు టీసీఏ క్రాస్ అనే ఆమ్లపు చుక్క మేలు. అలలుగా కుంగిన రోలింగ్ గుంటలను అడుగున నారపోగులు లాగి పట్టుకుంటాయి, వాటిని సూదితో తెంపే సబ్‌సిషన్ చేయాలి. అంచులు నిలువుగా ఉండే బాక్స్‌కార్ గుంటల్లో మరీ లోతు లేనివాటికి లేజర్ బాగా పనిచేస్తుంది. ఒక్కో మొహంలో మూడూ కలిసే ఉంటాయి. అన్నిటికీ ఒకే మిషను చూపించే చోట లేచి వచ్చేయండి.

మొటిమలు ఇంకా వస్తూంటే ముందు వాటిని ఆపాలి. రెటినాయిడ్ జాతిదే అయిన అడాపలిన్ 0.1 శాతం జెల్ అమెరికాలో 2016 నుంచి చీటీ లేకుండానే మందుల షాపులో దొరుకుతుంది. వెళ్లడానికి కొన్ని నెలల ముందే మొదలుపెట్టవచ్చు. గర్భం ఉన్నా, ఆ ఆలోచన ఉన్నా డాక్టరును అడగకుండా వాడవద్దు. మొండి మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడి ఉంటే లేజర్ డాక్టరు దగ్గర దాచకండి. పూర్వం అవి ఆపాక లేజరుకు ఆరు నెలలు ఆగమనేవారు, ఇప్పుడు కొన్ని రకాల లేజర్లకు అంత ఆగనక్కర్లేదంటున్నారు. ఆ నిర్ణయం డాక్టరుదే. పెదవి దగ్గర నీటిపొక్కులు వస్తుంటాయా, గాయం మానినచోట గట్టిగా కండ పెరుగుతుందా, ఇవీ చెప్పండి.

సిట్టింగుకూ సిట్టింగుకూ నాలుగు నుంచి ఆరు వారాల ఎడం ఉండాలి. మూడు, నాలుగు సిట్టింగులు ఇరవై రోజుల్లో ఎలా పడతాయి? ఒక్కటి పడుతుంది, అదీ తర్వాత వారం పది రోజులు ఇంటిపట్టున ఉండగలిగితేనే. డిసెంబరు ఎండ మే నెల ఎండ కాదు, నిజమే. కానీ సంక్రాంతికి మేడ మీద గాలిపటాలు ఎగరేస్తూ తల పైకెత్తి పొద్దంతా నిలబడేది మీరే కదా. ఈసారి వెళ్లినప్పుడు మంచి డాక్టరుకు చూపించుకుని, చెవి ముందు చిన్న చోట పరీక్షగా చేయించుకుని, చర్మం ఎలా మానుతుందో చూసుకుని రండి. అక్కడి నుంచే పనిచేసుకునే వీలు రెండు మూడు నెలలు దొరికిన ఏడాది అసలు చికిత్స పెట్టుకోండి. నెలలోపు పెళ్లి గానీ పెళ్లిచూపులు గానీ ఉంటే ఆ మాటే ఎత్తవద్దు.

డాక్టరుకు చర్మవ్యాధుల్లో ఎండీ, డీఎన్‌బీ లేదా డీడీవీఎల్ అర్హత ఉందో లేదో అడగండి. మిషను పట్టుకునేది ఆయనా, వేరే సిబ్బందా అనీ అడగండి. ఇందులో మొహమాటం వద్దు. ఆరు సిట్టింగుల ప్యాకేజీకి డబ్బంతా ముందే కట్టవద్దు. మిషను పేరు, ఎంత శక్తి, ఎంత సాంద్రత, ఏ తేదీ అన్నది కాగితం మీద రాయించుకుంటే తేడా వచ్చినప్పుడు ఇక్కడి డాక్టరు కూడా అర్థం చేసుకుంటారు. నా దగ్గర ఆ కాగితం లేకపోవడం వల్ల ఇక్కడి డాక్టరు అంతా మొదటినుంచి ఊహించుకోవాల్సి వచ్చింది. నలుపు తగ్గించే హైడ్రోక్వినోన్ అమెరికాలో 2020 నుంచి చీటీ ఉంటేనే ఇస్తారు, కాబట్టి ఆ ఏర్పాటు ముందే చూసుకోండి. హైదరాబాద్‌లో మందుల షాపువాళ్లు చేతికిచ్చే తెల్లబరిచే క్రీములు కొనవద్దు. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడి, ఎర్రబడి, మానేసిన రోజున మొటిమలు విరుచుకుపడతాయి.

అమ్మకు మాత్రం బయల్దేరకముందే ఫోనులో చెప్పి ఉంచండి. పొట్టు రాలుతున్న మొహం చూడగానే ఆవిడ సున్నిపిండో, పెరుగులో పసుపో, నిమ్మచెక్కో పట్టుకుని వస్తారు. డాక్టరు వద్దన్నారని అప్పటికప్పుడు చెబితే నొచ్చుకుంటారు. వారం పాటు మొహానికి డాక్టరిచ్చిన లేపనం, నీళ్లు, సన్‌స్క్రీన్ తప్ప ఏదీ తగలకూడదని ముందే చెబితే, గాలిపటాల వేళ మిమ్మల్ని మేడ ఎక్కనివ్వకుండా వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చునేది కూడా ఆవిడే.