జో అంటే ఇష్టమని చెప్పే ముందు

చిరంజీవి అమ్ములుకి, అత్తయ్య ఆశీస్సులు.

మీ అపార్ట్‌మెంట్ పిల్లలతో, వాళ్ల అమ్మలతో కలిసి ఆదివారాలు ‘లిటిల్ ఉమెన్’, అదే మెగ్, జో, బెత్, ఎమీ అనే నలుగురు అక్కచెల్లెళ్ల నవల, చదువుతున్నామని నువ్వు చెప్పినప్పటి నుంచి నా మనసు అక్కడే తిరుగుతోంది. పుస్తకం అయ్యాక “మీకు ఏ పాత్ర ఇష్టం?” అని ఒక పూటంతా మాట్లాడిస్తానన్నావు. ఆ పూట ఎలా నడపాలో చెప్పమన్నావు. ఫోన్లో అయితే సగం మరిచిపోతాను, అందుకే రాస్తున్నాను.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. హైస్కూల్లో ఇంగ్లీష్ చెప్పే రోజుల్లో ఒక ఏడాది తొమ్మిదో తరగతి చేత ఈ నవల చదివించాను. ఆఖరి రోజు ఇదే ప్రశ్న అడిగాను. క్లాసంతా జో కోసం చేతులెత్తింది. కిటికీ పక్కన కూర్చునే ఒక పిల్ల మాత్రం లేచి, “నాకు ఎమీ ఇష్టం టీచర్” అంది. “అక్క రాసుకున్న పుస్తకం పొయ్యిలో పడేసిందే, అదా!” అని అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ పిల్ల ఆ ఏడాది మళ్లీ నా క్లాసులో నోరు విప్పలేదు. నలుగురు ఆడపిల్లల్లో ఆఖరిదని, ఒంటి మీద ఉన్నవన్నీ అక్కల పాత లంగాలేనని తర్వాత తెలిసింది. నవల మొదట్లోనే ఉంది కదా, ఎమీ తన చుట్టాలమ్మాయి పాత బట్టలు తొడుక్కోవాల్సి వచ్చేదని, నీలం టోపీ కావాలనుంటే ఎర్ర టోపీ పెట్టుకు తిరిగేదని. నేను పదిసార్లు చదివి కూడా పట్టించుకోని వాక్యం అది. ఆ పిల్ల ఒక్కసారి చదివి పట్టుకుంది. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ బాధే.

అందుకని మొదటి మాట: చేతులు ఎత్తించకు, ఓట్లు లెక్కపెట్టకు. తలా ఒక చీటీ ఇచ్చి పేరు రాయించి, మడిచి నీ దగ్గర పెట్టుకో. పిల్లల్లో చాలామంది పక్కవాళ్ల చేయి చూసే తమ చేయి లేపుతారు.

రెండోది, ఇదే నేను అన్నిటికంటే గట్టిగా చెప్పాలనుకున్నది. ఎవరైనా “నాకు ఫలానా పాత్ర ఇష్టం” అంటే, ఆ పాత్ర తప్పు చేసిన పేజీ తీసి అందరికీ చదివి వినిపించమను. ఆ పేజీ చదివాక కూడా ఇష్టం నిలబడితే అప్పుడు నిజంగా ఇష్టమున్నట్టు. మన ఇళ్లలో ఎవరినైనా అలాగే కదా ప్రేమిస్తాం? మీ తాతయ్య కోపం నీకు తెలియదా? తెలిసే కదా ఆయన పక్కన కూర్చుని అన్నం తినేదానివి.

జో సంగతే చూడు. నాటకానికి తనను తీసుకెళ్లలేదన్న కోపంతో ఎమీ జో రాతప్రతిని కాల్చేసింది. అది అందరికీ గుర్తుంటుంది. మర్నాడు జరిగింది చాలామంది గుర్తు పెట్టుకోరు. జో, పక్కింటి కుర్రాడు లారీ నది మీద గడ్డకట్టిన మంచులో స్కేటింగ్‌కి వెళ్తే ఎమీ వెనకాల వచ్చింది. మధ్యలో మంచు పలచగా ఉందని లారీ అరిచి చెప్పాడు. జోకి వినపడింది, చెల్లికి వినపడిందో లేదో అనుకుంది, కానీ కోపంతో వెనక్కి తిరగకుండా పోయింది. ఎమీ నీళ్లలో పడింది. కాయితాలు కాల్చడం పెద్దదా, ప్రాణాపాయం తెలిసీ చెప్పకపోవడం పెద్దదా? జోని ఇష్టపడే పిల్ల చేత ఆ రెండు పేజీలూ చదివించు. ఆ రాత్రి జో తల్లి దగ్గర కూర్చుని ఏడవడం, తల్లి తనకూ దాదాపు రోజూ కోపం వస్తుందని, నలభై ఏళ్లుగా ప్రయత్నిస్తే దాన్ని అణచుకోవడమే చేతనైందని చెప్పడం కూడా చదివించు. ఇక్కడ తొందరపడకు, ఆ పూటలో సగం దీనికే పోయినా ఫరవాలేదు. అక్కడున్న అమ్మలకు ఈ పేజీ చాలా దగ్గరగా తగులుతుంది. “కోపం ఎందుకు అణచుకోవాలి?” అని ఏ పిల్లయినా అడిగితే ఆపకు, మాట్లాడనీ.

బెత్ మీద మచ్చ లేదంటారు. ఉంది. వేసవిలో వారం రోజులు ఎవరూ ఏ పనీ చేయకుండా హాయిగా ఉందామని అక్కచెల్లెళ్లు అనుకున్న అధ్యాయం చూడు. ఆ వారం బెత్ తను పెంచుకున్న పిప్ అనే పిట్టకు గింజలు, నీళ్లు పెట్టడం మరిచిపోయింది. శనివారం చూసేసరికి పంజరంలో చచ్చి పడి ఉంది. అదే బెత్, తర్వాత మెగ్, జో ఏదో ఒక వంక చెప్పి తప్పించుకుంటే, హమ్మెల్ వాళ్ల బీద ఇంటికి రోజూ తనే వెళ్లింది. అక్కడే జ్వరం అంటింది. రచయిత్రి ఎక్కడా చెప్పదు గానీ, పిప్ పోయాక ఆ పిల్ల ఇంకెవరినీ మరిచిపోలేకపోయిందని నాకనిపిస్తుంది. ఒక్క పేజీ ఎక్కువ చదివితే బెత్ దేవుడి పటంలోంచి దిగి మనిషవుతుంది.

మెగ్‌కి యాభై డాలర్ల పట్టుబట్ట ఉంది. అది కొన్నందుకు భర్త తన కోటు మానుకున్నాడు. మెగ్ ఆ బట్టను స్నేహితురాలికి అమ్మేసి కోటు కొనిచ్చింది. పెళ్లయిన వాళ్లు ఎవరో ఒకరు దీని గురించి మాట్లాడతారు, వదిలెయ్.

జోకి రావాల్సిన యూరప్ ప్రయాణం ఎమీ కొట్టేసిందని కూడా పిల్లలు అంటారు. అత్త ఇంట్లో జరిగిన మాటలు చూపించు. ఒకరి దగ్గర మేలు పొందడం తనకు ఇష్టం ఉండదని, బానిసలా అనిపిస్తుందని జో తన నోటితోనే అంది. వినేవాళ్లు విన్నారు, ఎమీని తీసుకెళ్లారు. అందులో ఎమీ తప్పేముంది?

ఇంకో చిక్కు వస్తుంది. “ఇష్టం” అన్న మాటకి ఒక్కొక్కరు ఒక్కో అర్థం పెట్టుకుంటారు. నాలాగే ఉంది కాబట్టి ఇష్టమా, నేను అలా ఉండాలని ఇష్టమా, నా పక్కన అలాంటి మనిషి ఉండాలని ఇష్టమా? ఈ మూడూ విడివిడిగా అడుగు. ఒకే పేరు మూడుసార్లు రావడం అరుదు. నా పిల్లల్లో ఒకామె తను మెగ్‌లా ఉంటానని, జోలా ఉండాలని ఉందని, అక్కగా మాత్రం బెత్ కావాలని అంది. మూడు ముక్కల్లో తన గురించి చెప్పేసింది.

జో, లారీల పెళ్లి గొడవ తప్పకుండా వస్తుంది. టెన్షన్ పడకు. ఇది కొత్తది కాదు. మొదటి భాగం 1868లో వచ్చింది, రెండోది 1869లో. మధ్యలో ఆడపిల్లలు రచయిత్రి లూయిసా మే ఆల్కాట్‌కి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు, ఎవరెవరికి పెళ్లి చేస్తున్నావని. ఆడదాని బతుక్కి పెళ్లి ఒక్కటే గమ్యమన్నట్టు అడుగుతున్నారని ఆవిడ డైరీలో నొచ్చుకుంది. ఎవరి సంతోషం కోసమూ జోని లారీకి ఇవ్వనని రాసుకుంది, ఇవ్వలేదు కూడా. మనవాళ్లూ వారపత్రికల్లో సీరియళ్లు వచ్చే రోజుల్లో అంతే, హీరోయిన్‌ని ఏడిపించవద్దని ఎడిటర్‌కి కార్డులు రాసేవారు. పాఠకులు అలా పోట్లాడటం నాకు చాలా ఇష్టం. పోట్లాడనీ, పుస్తకం తెరిచి పెట్టుకుని పోట్లాడమను.

లూయిసాకీ ముగ్గురు అక్కచెల్లెళ్లు ఉన్నారని పిల్లలకు చెప్పు, కానీ చీటీలు రాయించాకే. ముందే చెబితే జాలితో పేర్లు రాస్తారు. ఎలిజబెత్ 1858లో ఇరవై రెండేళ్లకే పోయింది. ఆఖరి చెల్లి పేరు మే, ఇంగ్లీషులో ఆ మూడు అక్షరాలే అటూ ఇటూ మారిస్తే ఎమీ. ఆ మే 1879లో పసిబిడ్డను వదిలి పోతే, బిడ్డను తెప్పించుకుని పెంచింది లూయిసానే. పుస్తకం కాల్చిన చెల్లి పాత్రను రాసిన చేత్తోనే.

ఈ మాటలన్నీ అయ్యాక మళ్లీ కొత్త చీటీలు ఇవ్వు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి ఎవరికి వాళ్లు చూసుకుంటారు. మార్చుకున్నవాళ్లని మెచ్చుకోకు, మార్చుకోనివాళ్లని ప్రశ్నించకు.

నాది కూడా ఒక చీటీ అనుకో. పద్నాలుగేళ్లప్పుడు జో. ఇద్దరు పిల్లలు పుట్టాక ఆ నలుగురి తల్లి. ఇప్పుడు పక్కింటి ముసలి లారెన్స్, లారీ తాత. ఆయన తప్పు పేజీ ఇదీ: కొడుకు సంగీతం తెలిసిన ఇటలీ పిల్లను పెళ్లి చేసుకున్నాడని మళ్లీ అతని మొహం చూడలేదు. కొడుకూ కోడలూ ఇద్దరూ పోయారు. మనవడు పియానో ముట్టుకుంటే ఈయనకు గిట్టదు. ఆ ఇంటికే బెత్ వచ్చి వాయించుకునేది, తన వాయింపు ఎవరికీ వినపడదనుకుని. తనకు నచ్చిన పాత పాటలు వినపడాలని ఆయన తన గది తలుపు తీసి పెట్టుకునేవాడు. ఆ సంగతి ఆ పిల్లకు తెలియదు.

ఆ రోజు ఎవరెవరు ఏ పేజీ చదివారో నాకు రాయి.

మీ అత్తయ్య