‘మత్తయి రాసిన సువార్త’ అనవచ్చా?

సందేహం: మా సంఘంలో ఆదివారం బైబిలు తరగతి కోసం తెలుగులో చిన్న పుస్తకం తయారు చేస్తున్నాం. సువార్తల పేర్ల దగ్గర మాలో మాకు మాట పట్టింపు వచ్చింది. పెద్దవారు కొందరు ‘మత్తయి రాసిన సువార్త’ అని వేయమంటారు. ఇంగ్లీషులో చదువుకున్న పిల్లలు ‘మత్తయి ప్రకారం సువార్త’ అంటేనే సరి అంటారు. మా నాన్నగారి పాత బైబిలులో ఒట్టి ‘మత్తయి సువార్త’ అనే ఉంది. పైగా, దాన్ని రాసింది మత్తయి కాదని పండితులు చెబుతున్నారని మా అబ్బాయి అంటున్నాడు. అదే నిజమైతే ‘రాసిన’ అనడం అబద్ధం కాదా? ఏది మంచి తెలుగో చెప్పగలరు.
– ఒక పాఠకురాలు, ఏలూరు

సమాధానం: అమ్మా, మీ నాన్నగారి బైబిలులో ఉన్నదే మంచి తెలుగు. గ్రీకు మూలం తేల్చని సంగతిని తానూ తేల్చకుండా వదిలేసేది కూడా అదే. నేను క్రైస్తవుణ్ణి కాను. అయినా తెలుగు వచనం ఎలా ఎదిగిందో తెలుసుకోవాలనుకునే వారెవరూ బైబిలు అనువాదాలను పక్కన పెట్టలేరు. వాటిని నేను చాలా ఏళ్లుగా, చాలా ఇష్టంగా చదువుతున్నాను. ఆ చనువుతోనే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు పిల్లల మాట చూద్దాం. ‘ప్రకారం’ అంటే విధం, తీరు. తెలుగులో అది ఏదో ఒక కట్టుబాటునో, మాటనో, లెక్కనో పట్టుకుని వస్తుంది: చట్టం ప్రకారం, పంచాంగం ప్రకారం, ఇచ్చిన మాట ప్రకారం, మీరు చెప్పిన ప్రకారం. మనిషి పేరు పక్కన నేరుగా నిలబడదు. ‘మా నాన్న ప్రకారం రేపు వాన పడుతుంది’ అని ఇంట్లో ఎవరూ అనరు, ‘మా నాన్న చెప్పినదాన్ని బట్టి’ అంటారు. ఇప్పుడు వార్తల్లో ‘అధికారుల ప్రకారం’, ‘వైద్యుల ప్రకారం’ అని కనిపిస్తున్నది ఇంగ్లీషు వాక్యానికి తెలుగు అక్షరాలు తొడగడమే. ఇంకో చిక్కు కూడా ఉంది. ‘ప్రకారం’ తరవాత మన చెవి క్రియ కోసం ఎదురుచూస్తుంది. ‘మత్తయి ప్రకారం...’ అనగానే ఏం జరిగింది అని అడుగుతాం. అక్కడ ‘సువార్త’ అనే నామవాచకం వస్తే వాక్యం మధ్యలో ఆగిపోయినట్టు ఉంటుంది. మీ బైబిలులోనే లూకా మొదటి వాక్యం తెరిచి చూడండి, ‘మనకు అప్పగించిన ప్రకారము’ అని ఉంటుంది. అనువాదకులు ఆ మాటను ఎక్కడ ఎలా వాడాలో తెలిసి వాడారు.

అయితే పిల్లల వాదనలో సగం నిజం ఉంది, దాన్ని కొట్టిపారేయకూడదు. ప్రాచీన గ్రీకు ప్రతుల్లో ఈ గ్రంథాల పేర్లు నిజంగానే అలా ఉన్నాయి. నాలుగో శతాబ్దికి చెందిన వాటికన్, సీనాయి ప్రతుల్లో ‘కతా మత్తైయోన్’ అన్న రెండే మాటలు. అంతకు ముందే, సుమారు 200 ప్రాంతానిదని చెప్పే ఒక పపైరస్ ప్రతిలో యోహాను గ్రంథం పైన ‘ఎవాంగెలియోన్ కతా యోఆనెన్’ అని ఉంది. పేరుకు ముందు వచ్చే ‘కతా’ అనే గ్రీకు మాటకు వెంట, అనుసరించి, తీరులో అని అర్థాలు. గ్రీకులో పుస్తకం ఫలానావారి రచన అని చెప్పాలంటే మామూలుగా కర్త పేరును షష్ఠిలో పెడతారు. ఇక్కడ అలా పెట్టలేదు. సువార్త ఒక్కటే, దాన్ని ఈయన చెప్పిన తీరు ఇది, ఆయన చెప్పిన తీరు అది అన్న భావం ఆ పేర్లలో ఉంది. హెబ్రీ గ్రంథాల గ్రీకు అనువాదాన్ని ‘డెబ్బైమంది పాఠం’ అని చెప్పేటప్పుడు కూడా తొలినాటి క్రైస్తవ పండితులు ఇదే ‘కతా’ వాడారు.

ఇక ‘రాసిన’ సంగతి. మీ అబ్బాయి అడిగింది మంచి ప్రశ్న. దానికి సమాధానం మత్తయి దగ్గర కాక, ‘రాయడం’ అన్న మాట దగ్గర మొదలుపెట్టాలి.

పాత తెలుగులో ‘రాయు’ అంటే రుద్దడం, పూయడం. ‘వ్రాయు’ అంటే లిఖించడం. బొమ్మ గీసినా ‘వ్రాయు’ అనే అనేవారు. వాడుకలో ఇప్పుడు రెండూ ఒకటైపోయాయి. ఏ రకంగా చూసినా అది చేతితో చేసే పని. మన పూర్వులు కవిత్వాన్ని ‘రాశాం’ అనేవారు కాదు. పద్యం చెప్పారు, పాట కట్టారు, కావ్యం రచించారు. రాయడం మరొకరి పని. రాజరాజ నరేంద్రుని నందంపూడి శాసనం చివర ఈ తేడా స్పష్టంగా చెక్కి ఉంది: కావ్యకర్త నన్నయభట్టు, లేఖకుడు గండాచార్యుడు. వ్యాసుడు చెబితే వినాయకుడు రాశాడనే కథలోనూ ఉన్నది ఈ తేడాయే. అచ్చుయంత్రం వచ్చి, ప్రతివాళ్లమూ కాగితం, కలం పట్టిన తరవాతనే ‘రాయడం’ అన్నది ‘రచించడం’ స్థానంలోకి వచ్చి కూర్చుంది.

ఇప్పుడు రోమీయులకు వ్రాసిన పత్రిక చివరి అధ్యాయం తీయండి. ఆ పత్రిక పౌలుదే, అందులో ఎవరికీ తగాదా లేదు. కానీ 16వ అధ్యాయం 22వ వచనంలో ‘ఈ పత్రిక వ్రాసిన తెర్తియు అను నేను’ అని మరో గొంతు పలుకుతుంది. పౌలు చెబుతుంటే రాసుకున్న లేఖకుడు చివర తన నమస్కారం కూడా జత చేశాడు. అతను గండాచార్యుని వంటివాడు. గలతీయుల పత్రిక చివరికి వచ్చేసరికి పౌలు ‘ఎంత పెద్ద అక్షరాలతో రాస్తున్నానో చూడండి’ అంటూ తన చేతిరాతను ప్రత్యేకంగా చూపిస్తాడు. అంటే అంతవరకూ రాసిన చెయ్యి వేరొకరిదని చాలామంది అర్థం చేసుకుంటారు. యిర్మీయా 36వ అధ్యాయంలో ప్రవక్త నోటితో చెబితే బారూకు చుట్ట మీద రాస్తాడు. రాజు యెహోయాకీము దాన్ని ముక్కలుగా కోసి కుంపటిలో వేస్తే మళ్లీ చెప్పించుకుని రాస్తాడు, ‘అట్టి మాటలు ఇంకా అనేకం’ ఆ రెండో ప్రతిలో చేరాయని కూడా ఆ గ్రంథమే చెబుతుంది. ఒక గ్రంథం ఎలా పుడుతుందో, ఎలా పెరుగుతుందో దానికదే ఇంత నిర్మొహమాటంగా చెప్పుకున్న చోటు మరొకటి నాకు కనబడలేదు. కాబట్టి ‘రాసింది ఎవరు’ అన్న ప్రశ్నలో కనీసం మూడు ప్రశ్నలున్నాయి: ఎవరి మాట, ఎవరి కూర్పు, ఎవరి చెయ్యి.

మూడో శతాబ్దిలో ఓరిగెన్ అనే పండితుడు హెబ్రీయుల పత్రిక విషయంలో ఈ ప్రశ్నలను విడదీసి చూశాడు. భావాలు అపొస్తలుడైన పౌలువే, పలుకుబడి మరొకరిది, ఇక రాసింది ఎవరో దేవునికే తెలుసు అన్నాడు. ఆ పత్రికలో కర్త పేరు లేదు. తెలుగు శీర్షిక చూడండి: ‘హెబ్రీయులకు వ్రాసిన పత్రిక’. ‘వ్రాసిన’ వంటి మన ధాతుజ విశేషణానికి కర్తను చెప్పి తీరాలన్న నియమం లేదు. ఎవరో రాశారు, ఎవరో చెప్పలేదు. ఓరిగెన్ మాటకు ఇంత సరిగ్గా అమిరే శీర్షిక వేరే ఏ భాషలో కుదురుతుంది!

మత్తయి పేరున్న గ్రంథానికి వద్దాం. ఆ గ్రంథం లోపల ‘నేను మత్తయిని, ఇది రాస్తున్నాను’ అన్న వాక్యం ఎక్కడా లేదు. 9వ అధ్యాయంలో సుంకపు మెట్టు దగ్గర కూర్చున్న మత్తయి అనే మనిషిని యేసు పిలిచినట్టు, ఎవరో మూడో మనిషి గురించి చెప్పినట్టుగా ఉంటుంది. అదే సంఘటన మార్కులో ఉన్నచోట ఆ సుంకరి పేరు లేవి. రెండో శతాబ్ది తొలినాళ్లలో హియెరాపొలి బిషప్పు పాపియా, మత్తయి ప్రభువు పలుకులను హెబ్రీ భాషలో కూర్చాడని రాశాడు. సుమారు 180లో లియోన్స్ బిషప్పు ఇరేనియస్ నాలుగు సువార్తలనూ నలుగురి పేర్లతో చెప్పాడు. మధ్యలో జస్టిన్ అనే క్రైస్తవ పండితుడు ఆ పేర్లు చెప్పకుండా వాటిని ‘అపొస్తలుల జ్ఞాపకాలు’ అన్నాడు. మనకు దొరికిన గ్రంథం మాత్రం గ్రీకులో ఉంది. మార్కులోని 661 వచనాల్లో సుమారు 600 వచనాల విషయం ఇందులో కనిపిస్తుంది, చాలాచోట్ల మాటకు మాట. కళ్లారా చూసిన శిష్యుడు, చూడని మార్కు మీద ఇంతగా ఆధారపడతాడా అన్నది ఇప్పటి పండితుల్లో ఎక్కువమంది వేసే ప్రశ్న. అందుకే దీన్ని 80 – 90 మధ్య ఎవరో ఒక యూదు క్రైస్తవుడు కూర్చి ఉంటాడని, మత్తయి పేరు సంఘ సంప్రదాయం ఇచ్చినదని వారు అంటారు. సంప్రదాయాన్ని సమర్థించే పండితులూ ఉన్నారు. వారి చేతిలో బలమైన ఆధారం ఒకటుంది: శీర్షిక మిగిలిన ప్రాచీన ప్రతుల్లో ఎక్కడా ఈ గ్రంథానికి మరో పేరు కనబడదు.

కాబట్టి ‘రాసిన’ అన్నవారు అబద్ధం చెప్పినట్టు కాదు. మూలం చెప్పని ఒక మాటను వారు తమ నమ్మకంతో పూరించారు. అందులో వారు ఒంటరివారు కూడా కారు. బెంగాలీలో ‘మథి లిఖిత సుసమాచార్’, హిందీలో ‘మత్తీ రచిత సుసమాచార్’, సంస్కృతంలో ‘మథిలిఖితః సుసంవాదః’, తమిళంలో ‘మత్తేయు ఎళుదిన సువిసేషం’. మన దేశంలో తొలి అనువాదకులు చాలామంది గ్రీకు ‘కతా’కు లిఖిత, రచిత అన్న కృదంతాలనే ఆశ్రయించారు. నామవాచకానికి ముందు ‘అనుసరించి’ అన్న మాట అంత సులువుగా నిలబడని భాషలివి. ఏదో ఒక క్రియ కావాలి, దొరికిన దగ్గరి క్రియ రాయడం. నాకు ఇందులో అనువాదకుల కష్టమే కనిపిస్తుంది. విశాఖపట్నంలో డె గ్రాంజ్, క్రాన్ దొరలు ఆనందరాయర్ తోడ్పాటుతో సువార్తలను తెలుగు చేస్తున్నప్పుడు, 1812లో అవి శ్రీరాంపూర్‌లో అచ్చయినప్పుడు, మన భాషలో ఇలాంటి శీర్షికలకు ముందు ఒరవడి లేదు.

ఇప్పుడు ‘మత్తయి సువార్త’ ఎందుకు మేలో చూడండి. ఇది షష్ఠీ తత్పురుష. గ్రీకు పుస్తకాల పేర్లలో షష్ఠి కర్తను చెబుతుంది, తెలుగు షష్ఠి అంత గట్టిగా చెప్పదు. కి, కు, యొక్క, లో, లోపల షష్ఠీ విభక్తి అని చిన్నప్పుడు వల్లించాం కదా. మన వ్యాకరణంలో ‘యొక్క’ కూడా, ‘కు’ కూడా ఒకే గూటి పక్షులు. ‘రాముని బాణం’ అంటే రాముడు చేసినది కాదు, అతని దగ్గరున్నది. ‘గాంధీ విగ్రహం’ గాంధీ చెక్కినది కాదు. ‘వేమన పద్యాలు’ అన్న పేరులో వేమన చెప్పినవీ ఉన్నాయి, ఆయన మకుటం పెట్టి తరవాతివారు చెప్పినవీ ఉన్నాయి. సమాసం సంబంధాన్ని చెబుతుంది, ఏ సంబంధమో తేల్చదు. మూలమే తేల్చనిచోట అంతకంటే నిజాయితీ గల రూపం లేదు.

దీనికి నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ కీర్తనల గ్రంథంలో ఉంది. 150 కీర్తనల్లో 73 కీర్తనలకు హెబ్రీ పాఠంలో ‘లె దావీద్’ అన్న శీర్షిక ఉంది. ఆ ‘లె’ మన ‘కు’ వంటిది. ‘నాకు ఇల్లు ఉంది’ అని మనం ‘కు’తో స్వామ్యాన్ని చెప్పినట్టే హెబ్రీలోనూ ‘లె’తోనే చెబుతారు. రెండు భాషల్లోనూ కలిగి ఉండడానికి వేరే క్రియ అక్కర్లేదు. కనుక ‘లె దావీద్’ అంటే దావీదు చెప్పినది, దావీదుకు అంకితమైనది, దావీదు గురించినది, దావీదు పేర ఉన్న సంపుటిలోనిది – ఏదైనా కావచ్చు. 72వ కీర్తన మీద ‘లె’ పక్కన సొలొమోను పేరుంది. అయితే అది రాజు కోసం, రాజకుమారుని కోసం చేసిన ప్రార్థన, పైగా ‘దావీదు ప్రార్థనలు ముగిసెను’ అంటూ ముగుస్తుంది. అందుకే కాబోలు గ్రీకు అనువాదకులు అక్కడ మాత్రం ‘సొలొమోను కోసం’ అనే అర్థం వచ్చే మాట వేశారు. తెలుగులో ‘దావీదు కీర్తన’ అనగానే ఈ అర్థాలన్నిటికీ తలుపు తెరిచే ఉంటుంది. హెబ్రీ ‘లె’కు తెలుగు షష్ఠి ఇంత చక్కగా సరిపోవడం చూసినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది. అయితే మొత్తం గ్రంథాన్ని ‘దావీదు కీర్తనలు’ అనడం మాత్రం సరికాదు. ఆసాపు పేరున్నవి, కోరహు కుమారుల పేరున్నవి, మోషే పేరున్నది, ఏ పేరూ లేనివి కూడా అందులో ఉన్నాయి. ‘కీర్తనల గ్రంథము’ అన్న పేరే తగినది.

మోషేవని చెప్పే బైబిలు మొదటి ఐదు గ్రంథాల విషయం ఒక్క మాటలో చెబుతాను. జర్మన్‌లో లూథర్ వాటిని మోషే మొదటి పుస్తకం, రెండో పుస్తకం అన్నాడు. తెలుగువారు రామాయణం నుంచి ‘కాండ’ను తెచ్చుకుని ఆదికాండం, నిర్గమకాండం అన్నారు. పేరులో కర్త లేడు. మోషే మరణం, సమాధి గురించి చెప్పే ద్వితీయోపదేశకాండం చివరి అధ్యాయం చదివేటప్పుడు తెలుగు పాఠకుడికి శీర్షికతో పేచీ రాదు.

మీ పుస్తకంలో శీర్షికలుగా మత్తయి సువార్త, మార్కు సువార్త, లూకా సువార్త, యోహాను సువార్త అని వేయండి. కర్తృత్వం గురించి లోపల వివరించాల్సి వస్తే ‘మత్తయి పేరిట ఉన్న సువార్త’ అనండి. ‘పేరిట’ చక్కని తెలుగు మాట, నమ్మేవారినీ నొప్పించదు, పరిశోధించేవారినీ కట్టెయ్యదు. పౌలు పేరున్న 13 పత్రికల్లో ఏడింటి విషయంలో పండితులకు అనుమానం లేదు కనుక అక్కడ ‘పౌలు రాసిన’ అని ధైర్యంగా అనవచ్చు, మిగిలిన ఆరింటికి ‘పౌలు పేరిట’ పనికొస్తుంది. ‘కతా’ భావం పిల్లలకు చెప్పాలనిపిస్తే ‘మత్తయి చెప్పిన తీరులో సువార్త’ అని వివరించండి. ‘వ్రాసిన’, ‘రాసిన’ రెండూ ఒప్పే. పాత బైబిలు నుంచి వాక్యం ఎత్తి రాసేచోట మాత్రం అందులో ఉన్నట్టు ‘వ్రాసిన’ అనే ఉంచండి, తెర్తియు మాటను మార్చకండి.