టెక్ సందేహాలు: రెండు బాణాల గుర్తు లేకపోతే నమ్మొచ్చా?

ప్రశ్న: పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠా తిరుగుతోందంటూ మా వాట్సాప్ గ్రూపులో వీడియో వచ్చింది. దానికి రెండు బాణాల గుర్తుంది. ఇంకో గ్రూపులో అదే వీడియోకు ఆ గుర్తు లేదు. ఏది నమ్మాలి?

జవాబు: గుర్తు లేదని నమ్మేయకండి. రెండు బాణాలంటే అబద్ధమని కాదు, ఆ సందేశం కనీసం అయిదు ఫార్వర్డులు దాటి వచ్చిందని మాత్రమే. ఎవరైనా వీడియోను సేవ్ చేసుకుని గ్యాలరీ నుంచి కొత్తగా పంపితే ఆ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. మీ రెండో గ్రూపులో జరిగింది బహుశా ఇదే.

2018లో మన దేశంలో ఇలాంటి వీడియో నమ్మి జనం అమాయకులను కొట్టి చంపారు. బైకు మీద వచ్చినవాళ్లు వీధిలో పిల్లాణ్ని ఎత్తుకెళ్లే దృశ్యమది. నిజానికి కరాచీలో పిల్లల భద్రతపై అవగాహన కోసం తీసింది. అసలు వీడియోలో వాళ్లు పిల్లాణ్ని తిరిగి తెచ్చి దించుతారు. ఆ చివరి ముక్క కోసేస్తే చాలింది, మార్ఫింగ్ అవసరమే పడలేదు.

విషయం మనకు ఎంత ముఖ్యమైతే, సమాచారం ఎంత అస్పష్టంగా ఉంటే పుకారు అంత బలపడుతుందని 1947లోనే ఆల్‌పోర్ట్, పోస్ట్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చెప్పారు. పిల్లల కంటే ముఖ్యమైనదేముంటుంది? ఇలాంటివి పంపేవాళ్లలో చాలామంది మనమీద ప్రేమతోనే పంపుతారు. అందుకే వాళ్లను గ్రూపులో నలుగురి ముందూ తిట్టడం నాకు నచ్చదు.

2020 ఏప్రిల్ నుంచి రెండు బాణాల సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. ఆ మార్పు తర్వాత అలాంటి ఫార్వర్డులు 70 శాతం తగ్గాయని వాట్సాపే ప్రకటించింది. వేలికి కాస్త పని పెంచితేనే అంత తేడా!

ఇక మీరు చేయాల్సింది: వీడియోలో ముఖాలో, బోర్డులో స్పష్టంగా కనిపించే చోట ఆపి స్క్రీన్‌షాట్ తీయండి. దాన్ని ఫొటోతో వెతికిపెట్టే గూగుల్ లెన్స్‌లో వెతకండి. అలాంటిదే మరొకటైన టిన్‌ఐ (TinEye) సైట్‌లో అయితే ఫలితాలను పాతవాటి నుంచి వరుసగా చూడొచ్చు. ఎక్కడైనా ఇంకా పొడవైన వీడియో దొరికితే చివరిదాకా చూడండి. ఏమీ దొరకలేదంటే నిజమని అర్థం కాదు. పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేసి అడగండి.

ప్రశ్న: గ్రూప్ అడ్మిన్‌ని. వేరేవాళ్లు పెట్టిన తప్పుడు సందేశాన్ని తీసేయగలనా?

జవాబు: తీసేయగలరు. సందేశాన్ని నొక్కిపట్టి, డిలీట్‌లో ‘ఫర్ ఎవ్రీవన్’ ఎంచుకోండి. కానీ అప్పటికే చూసినవాళ్ల భయం దాంతో పోదు. ముందు అసలు విషయం రాయండి, డిలీట్ ఆ తర్వాత.