బాండ్ సంగతి తర్వాత, ఒరిజినల్స్ మాత్రం ఇవ్వకండి

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది బీటెక్ ఈసీఈ పూర్తి చేసింది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి ఏడాదికి 4.8 లక్షల ఆఫర్ వచ్చింది. రెండేళ్ల బాండ్, మధ్యలో మానేస్తే లక్షన్నర కట్టాలి. సర్టిఫికెట్ల ఒరిజినల్స్ కూడా తమ దగ్గర పెట్టమంటున్నారు. మూడు రోజుల్లో చెప్పాలట. మరో కంపెనీ ఇంటర్వ్యూ ఫలితం ఇంకా రాలేదు. చేతికొచ్చింది వదులుకోవద్దని, బాండ్లు కోర్టులో నిలబడవని చుట్టాలు అంటున్నారు. లెటర్ కాపీ జత చేశాను. ఏం చేయమంటారు? – ఒక తండ్రి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: నమస్కారమండీ. మీరు పంపిన లెటర్ రెండుసార్లు చదివాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒరిజినల్స్ పెట్టాలన్న షరతు తీసేస్తే చేరమనండి. తీయకపోతే వద్దనండి. మిగతావి ఎలాగోలా సర్దుకోవచ్చు.

కొన్నేళ్ల క్రితం ఒక అబ్బాయి నా దగ్గరికి వచ్చాడు. టెన్త్ మెమో నుంచి సీఎంఎం (బీటెక్ మార్కులన్నీ కలిపి ఇచ్చే మెమో), ప్రొవిజనల్ సర్టిఫికెట్ దాకా అన్నీ ఒక చిన్న కంపెనీకి ఇచ్చేశాడు. చేతిలో ఉన్నది హెచ్‌ఆర్ సంతకం చేసిన ఒక తెల్ల కాగితం. ఎనిమిది నెలల తర్వాత మంచి ఉద్యోగం వచ్చింది, వెరిఫికేషన్‌కు ఒరిజినల్స్ తెమ్మన్నారు. పాత ఆఫీసుకు వెళితే తలుపుకి తాళం. అవి చేతికొచ్చేసరికి ఆ ఉద్యోగం పోయింది. ఎంటెక్ అడ్మిషన్ కావాలన్నా, సర్కారు ఉద్యోగానికి ఎంపికైనా ఆ కాగితాలే అడుగుతారు. కంపెనీ వాళ్లు చూసి, సరిపోల్చుకుని, అదే రోజు తిరిగి ఇచ్చేస్తే తప్పులేదు. దాచుకోవడానికి మాత్రం ఇవ్వకండి.

ఇక బాండ్. అది చెల్లదన్న చుట్టాల మాట నమ్మి సంతకం పెట్టించకండి. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో రాసిన మొత్తానికి మించకుండా, సమంజసమైన పరిహారం కోర్టు ఇప్పించవచ్చు. లక్షన్నర అని రాసుకున్నంత మాత్రాన లక్షన్నరా వస్తుందని కాదు, అసలేమీ రాదనీ కాదు. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వరంగ బ్యాంకు పెట్టిన మూడేళ్ల, రెండు లక్షల బాండ్‌ను సమర్థించింది కూడా. మీ కంపెనీ పరిస్థితి వేరు కావచ్చు, కానీ ఎగ్గొట్టవచ్చులే అన్న ధైర్యంతో సంతకం చేయడం మంచిది కాదు.

మీరు గమనించారో లేదో, మూడో పేజీలో చిన్న అక్షరాల్లో ‘శిక్షణ పూర్తయిన తేదీ నుంచి 24 నెలలు’ అని ఉంది. శిక్షణ ఆరు నెలలు. అంటే మీరు రెండేళ్లు అనుకుంటున్నది రెండున్నరేళ్లు. చేరిన రోజు నుంచి లెక్కపెట్టమని అడగండి. పని చేసిన నెలలను బట్టి లక్షన్నర తగ్గుతూ వస్తుందా, కంపెనీయే తీసేస్తే కూడా కట్టాలా, ఈ రెండూ మెయిల్‌లో రాయించుకోండి. ఫోన్‌లో ‘అదేం లేదండీ’ అన్న మాట రేపు పనికిరాదు.

జీతం విషయానికి వస్తే, 4.8 లక్షలను పన్నెండుతో భాగించి నెలకు 40 వేలు అనుకుంటున్నారేమో. అందులో 48 వేలు వేరియబుల్, ఇస్తేనే వచ్చినట్టు. కంపెనీ వాటా పీఎఫ్ నెలకు 1,800 చొప్పున 21,600. గ్రాట్యుటీ పేరుతో 11,500 దాకా చూపించారు, అది మామూలుగా ఐదేళ్లు పనిచేస్తే గానీ రాదు. బీమాకు మరో ఆరున్నర వేలు. ఇవి పోగా నెలకు 32,700. అందులోంచి అమ్మాయి వాటా పీఎఫ్ 1,800, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 తీస్తే చేతికొచ్చేది దాదాపు 30,700. కొత్త విధానంలో ఈ జీతానికి ఇన్‌కమ్ ట్యాక్స్ పడదు. ఫ్రెషర్‌కు ఇది తీసిపారేసే జీతం కాదు, కానీ ఇంట్లో లెక్కలు 30 వేల మీదే వేసుకోండి.

దూరం కూడా చూడండి. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగాక ఇంకా బస్సో ఆటోనో పట్టాలి. లెటర్‌లో మధ్యాహ్నం షిఫ్టు ప్రస్తావన ఉంది. రాత్రి పదకొండుకు వదిలితే ఇంటిదాకా క్యాబ్ ఇస్తారా అని తప్పకుండా అడగండి.

మూడు రోజుల గడువుకు టెన్షన్ పడకండి. ‘చేరాలని ఆసక్తిగా ఉన్నాను, ఈ విషయాలు స్పష్టం చేయండి, వారం టైమ్ ఇవ్వండి’ అని అమ్మాయి చేతే మెయిల్ పెట్టించండి. మర్యాదగా అడిగితే చాలామంది ఇస్తారు. ఆలోగా రెండో కంపెనీకి కూడా ఫోన్ చేసి, చేతిలో ఒక ఆఫర్ ఉందని చెప్పి, ఫలితం ఎప్పుడో కనుక్కోమనండి. ఇక్కడ ఒప్పుకుని, అక్కడ వస్తే చెప్పకుండా మానేయడం మాత్రం వద్దు.

ఒక్క సంగతి నన్ను కాస్త ఇబ్బంది పెట్టింది. ఇంత వివరంగా రాశారు, కానీ అమ్మాయికి ఏ పని ఇస్తారో, తనకు ఆ పని ఇష్టమో కాదో ఎక్కడా రాయలేదు. లెటర్‌లో ‘అసోసియేట్ ట్రైనీ’ అని మాత్రమే ఉంది. అది టెస్టింగో, సపోర్టో, కోడింగో హెచ్‌ఆర్‌ను అడగమనండి. రెండున్నరేళ్లు ఆ పని చేయాల్సింది తనే కాబట్టి, జవాబు వచ్చాక ముందు తనేమంటుందో వినండి.